ఒంటరిగా రష్యన్ నేర్చుకుంటూ మధ్యలో వదిలేయకుండా: నాకు పనిచేసిన పద్ధతి

33 అక్షరాలు త్వరగానే వచ్చేశాయి. ఆరు విభక్తుల పట్టికలు, జంటలుగా వచ్చే క్రియలు (పని సాగుతుంటే ఒకటి, పూర్తయితే ఇంకొకటి) మొదలయ్యాక పుస్తకం తెరవాలంటేనే టెన్షన్. యాప్ స్ట్రీకులు, ఫ్లాష్‌కార్డులు, టైంటేబుల్... ఏవీ నిలవలేదు.

చివరికి పట్టికలు పక్కన పెట్టి, పాఠం కూడా రాసి ఉన్న ఒక నిమిషం ఆడియో తీసుకున్నాను. మొదట చూడకుండా విన్నాను. తర్వాత చూస్తూ వింటూ, ప్రతి మాటలో ఏ అచ్చును నొక్కి పలుకుతున్నారో పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. అసలు కిటుకు ఇక్కడే ఉందనుకుంటా. మామూలు రష్యన్ ముద్రణలో ఆ గుర్తులుండవు. నొక్కి పలకని 'ఒ' దాదాపు 'అ'లా వినిపిస్తుంది. దాంతో చదివిన మాటే చెవిన పడినా పోల్చుకోలేం, విసుగొస్తుంది.

గుర్తులయ్యాక ఆడియోతో గొంతు కలిపి చదివాను, నోరు తిరిగేదాకా. ఆఖరున ఆ ముక్కలో కనిపించిన ఒక్క విభక్తి తేడానే చూసుకున్నాను: 'వ్ మస్క్వె' అంటే మాస్కోలో, 'వ్ మస్క్వు' అంటే మాస్కోకి. లో, కి వాడే మనకు ఇదేమంత కొత్త కాదు. రోజూ ఏదో ఒకటి అర్థమవుతుంటే మానాలనిపించలేదు.

నాకు పరీక్ష ఒత్తిడి లేదు. సర్టిఫికెట్ కోసం చదివేవాళ్లకు ఇదొక్కటే సరిపోకపోవచ్చు, పట్టికలు తప్పవేమో.