నాలుగు వృత్తాలకు రెండు లెక్కలు చాలు: పదో తరగతి ఛందస్సు

గణవిభజన, అంటే పద్యపాదాన్ని గణాలుగా (గురులఘువుల గుంపులుగా) విడదీయడం, అడగ్గానే చాలామంది ముందు పద్యం పేరు (ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అనే నాలుగు వృత్తాల్లో ఒకటి) ఊహించేసి, గణాలను దానికి సరిపెడతారు. మార్కులు పోయేది అక్కడే. ముందు గురువులు (పలకడానికి రెండు మాత్రలు పట్టేవి), లఘువులు (ఒక మాత్రవి) గుర్తించాలి, పేరు తర్వాత.

దీర్ఘాలు, ఐ, ఔలు, సున్నా, విసర్గ ఉన్నవి, పొల్లు చేరినవి, ఒత్తక్షరానికి ముందున్నవి గురువులు. మిగిలినవి లఘువులు. ఒత్తున్నంత మాత్రాన ఆ అక్షరం గురువు కాదు, తన ముందున్నదాన్ని గురువు చేస్తుంది. వట్రసుడి అసలు ఒత్తే కాదు, అచ్చు గుర్తు. అందుకే ‘ప్రకృతి’లో మూడూ లఘువులే, న గణం.

పోతన పాదం ఒకటి విడదీసి చూడండి:

ఇమ్మను | జేశ్వరా | ధముల | కిచ్చిపు | రంబులు | వాహనం | బులున్

గణాలు భ, ర, న, భ, భ, ర, వ: ఉత్పలమాల. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం, పదోది. మొదటిది ‘ఇ’, పదోది ‘కి’ కాబట్టి యతి తప్పిందని కంగారు పడొద్దు. ‘అధములకు + ఇచ్చి’ అని సంధి విడదీస్తే ఇ–ఇ కుదురుతుంది. తర్వాతి పాదం ‘సొమ్ములు కొన్ని పుచ్చుకొని చొక్కి’లో సొ–చొ. చ, ఛ, జ, ఝ, శ, ష, స ఒకదానికొకటి యతి చెల్లుతాయి, అచ్చు కూడా కలవాలి. ప్రాస, అంటే అన్ని పాదాల్లో కలవాల్సినది, రెండో అక్షరం: మ్మ, మ్ము. ఇక్కడ హల్లు కలిస్తే చాలు, అచ్చు మారినా ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు సులువు. ఉత్పలమాల పాదంలో మొదటి గురువు తీసి రెండు లఘువులు పెట్టండి, చంపకమాల (న, జ, భ, జ, జ, జ, ర) వస్తుంది. ఒక అక్షరం పెరిగింది కనుక యతి పదకొండుకు జరుగుతుంది. శార్దూలం (మ, స, జ, స, త, త, గ, యతి 13) మొదటి గురువుకూ అదే చేస్తే మత్తేభం (స, భ, ర, న, మ, య, వ, యతి 14). నాలుగు వృత్తాల గణాలు, యతులు అంటూ ఎనిమిది సంగతులు బట్టీ పట్టేకంటే ఇది నయం.

పేరు రాసేముందు అక్షరాలు లెక్కపెట్టండి: శార్దూలానికి 19, ఉత్పలమాల, మత్తేభాలకు 20, చంపకమాలకు 21. ఒకటి ఎక్కువ వచ్చిందంటే పొల్లును విడిగా లెక్కేశారేమో చూసుకోండి. ‘లున్’ రెండు కాదు, ఒకటే.