పిల్లిని డాక్టర్ దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి?

మా ఇంట్లో 12 ఏళ్లుగా పిల్లులు ఉన్నాయి, మా వీధిలో వాళ్ల పిల్లుల్ని కూడా చాలాసార్లు నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. అందుకే చెప్తున్నా, పిల్లిని గోనె సంచిలో వేసి మూతి కట్టి తీసుకెళ్లడం దయచేసి మానేయండి.

కావలసినవి మూడే: గట్టి ప్లాస్టిక్ క్యారియర్ (పిల్లిని లోపల పెట్టి మోసే తలుపున్న పెట్టె), పాత తువ్వాలు, టీకాల పుస్తకం. క్యారియర్ పైనుంచి కూడా తెరుచుకునేదే కొనాలి. బట్ట సంచులు వద్దు, భయపడ్డ పిల్లి ముందు జిప్ ఎంతసేపు ఆగుతుంది?

ఎప్పుడెప్పుడు వెళ్లాలంటే, పిల్ల పుట్టిన 6-8 వారాలకు మొదటి టీకా, 16 వారాలు నిండేదాకా 3-4 వారాలకోసారి బూస్టర్, మూడు నెలలు దాటాక రేబిస్ టీకా. నులిపురుగుల మందు డాక్టర్ పిల్లి బరువు చూసి ఇస్తారు. ఆపైన ఏడాదికోసారి చెకప్, పదేళ్లు దాటితే ఆరు నెలలకోసారి.

ఇక అందరూ తప్పు చేసేది క్యారియర్‌లోకి ఎక్కించేటప్పుడే. వెళ్లే రోజు పొద్దున అటక మీంచి దాన్ని దించుతారు. ఆ చప్పుడు వినగానే పిల్లి చెవులు వెనక్కి వాల్చి గ్యాస్ సిలిండర్ వెనక్కి దూరుతుంది, ఇంట్లో నలుగురూ కలిసి దాన్ని బయటికి గుంజుతారు, ఎవరో ఒకరి చేతికి రక్తం కారుతుంది. ఇంకోసారి ఆ పిల్లి మీకు దొరకదు.

కనీసం రెండు వారాల ముందే క్యారియర్‌ని అది పడుకునే మూలలో పెట్టండి. తలుపు ఊడదీసి, దాని వాసన పట్టిన పాత గుడ్డ లోపల పరవండి. మొదట తిండి గిన్నె క్యారియర్ గుమ్మం దగ్గర, తర్వాత రోజుకు కాస్త లోపలికి. కొన్ని పిల్లులు రెండు రోజుల్లో అలవాటు పడతాయి, కొన్నింటికి మూడు వారాలు పడుతుంది, తొందరపెట్టి వెనక నుంచి తోశారా, మళ్లీ మొదటికి వస్తుంది. లోపల హాయిగా నిద్రపోయే దశ వచ్చాకే తలుపు బిగించి ఒక్క నిమిషం మూయండి, తీయగానే ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి.

అంత టైమ్ లేకపోతే పిల్లిని తువ్వాలులో చుట్టి, ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి వెనక కాళ్ల కింద పెట్టి, వెనక కాళ్లు ముందు వెళ్లేలా పైనుంచి దించండి. మెడ చర్మం పట్టుకుని లేపకండి. తల్లి అలా మోసేది కూనల్ని, నాలుగు కిలోల పిల్లిని కాదు.

మత్తుగా ఉంటుందని మన మాత్రలు వేసేవాళ్లూ ఉన్నారు. పారాసిటమాల్ చిన్న ముక్క కూడా పిల్లి ప్రాణం తీయగలదు. మరీ భయపడే పిల్లి అయితే ముందే డాక్టర్‌ని అడగండి, దానికి వేరే మందు ఉంది.

ఇంత ఓపిక ఎందుకని అడుగుతారు. హడలిపోయిన పిల్లికి గుండె వేగం, రక్తంలో చక్కెర రెండూ పెరుగుతాయి, అప్పుడు అది జబ్బో భయమో తేల్చడం డాక్టర్‌కీ కష్టమే.

ఆటోలో క్యారియర్‌ని తువ్వాలుతో కప్పి ఒళ్లో పెట్టుకోండి. ఆసుపత్రిలో నేల మీద పెట్టకండి, కుక్కలు వచ్చి వాసన చూస్తాయి.

మగపిల్లి మూత్రం రాక పదేపదే ముక్కుతుంటే మాత్రం ఈ అలవాట్లేవీ చూసుకోకుండా ఆ గంటలోనే బయల్దేరండి. అది మర్నాటిదాకా ఆగే విషయం కాదు.

ఇంటికొచ్చాక క్యారియర్‌ని మళ్లీ అటక ఎక్కించకండి, ఆ మూలలోనే ఉండనివ్వండి.