ఇంటికి బుద్ధ విగ్రహం: ఎంపిక, సంరక్షణ

బుద్ధ విగ్రహం కొనదలచినవారు ముఖం కంటే ముందు చేతులను చూడాలి. కుడిచేయి మోకాలి మీదుగా కిందికి చాచి, వేలికొసలు నేలను తాకుతూ ఉంటే అది భూమిస్పర్శ ముద్ర. బోధివృక్షం కింద జ్ఞానోదయ వేళ సిద్ధార్థుడు భూమిని సాక్షిగా పిలిచిన ఘట్టానికి అది గుర్తు. ఒడిలో రెండు చేతులూ ఒకదానిపై ఒకటి వెల్లకిలా ఉంటే ధ్యాన ముద్ర, పైకెత్తిన కుడి అరచేయి మనవైపు తిరిగి ఉంటే అభయ ముద్ర, ఎదకు ఎదురుగా రెండు చేతుల వేళ్లూ కలిస్తే సారనాథ్‌లోని తొలి ఉపదేశాన్ని తలపించే ధర్మచక్ర ముద్ర. ధ్యానం చేసుకునే గదికి మొదటి రెండూ, నలుగురూ వచ్చిపోయే హాలుకు అభయ ముద్రా తగినవని నా అభిప్రాయం. పెద్ద పొట్టతో నవ్వే బొమ్మ గౌతమ బుద్ధుడిది కాదు, చైనాకు చెందిన బుదాయ్ అనే భిక్షువుది. ఇష్టమైతే నిరభ్యంతరంగా కొనవచ్చు గాని, ఎవరి రూపమో తెలిసి కొనడం మంచిది.

అమరావతి, నాగార్జునకొండ శిల్పులు నిలువెత్తు బుద్ధుణ్ణి మలచిన తీరు ప్రత్యేకమైనది. కుడిభుజం మీద ఆచ్ఛాదన ఉండదు; ఎడమభుజం మీదుగా జారిన చీవరం (బౌద్ధ భిక్షువుల పైవస్త్రం) సన్నని మడతలుగా కిందికి దిగి, అంచు దగ్గర లావుగా తిరుగుతుంది. ఆ శైలి కోరుకునేవారు పల్నాడులోని దుర్గి శిల్పుల చేత చెక్కించుకోవచ్చు. అంగట్లో రాయి అని చెప్పి రెసిన్ బొమ్మ ఇస్తారేమోనన్న అనుమానం ఉంటే, చేత్తో తాకి చూడండి: రాయి చల్లగా, బరువుగా ఉంటుంది, అచ్చులో పోసిన బొమ్మకు పక్కల వెంట సన్నని అతుకుగీత కనిపిస్తుంది. వందేళ్లు దాటిన శిల్పాలకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది కనుక, విగ్రహాన్ని విదేశాలకు తీసుకువెళ్లేవారు అది కొత్తదని తెలిపే రసీదును దగ్గర ఉంచుకోవాలి.

విగ్రహాన్ని నేలమీద గాని, చెప్పుల అర పక్కన గాని పెట్టకూడదు. కూర్చున్నప్పుడు మన కంటి ఎత్తుకు తగ్గని పీఠం చాలు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది శుభ్రం చేయడంలోనే. మా ఇంట్లోని జానెడు సున్నపురాయి విగ్రహాన్ని ఒక పండగకు ఇత్తడి సామానుతో పాటు చింతపండుతో తోమాము. పులుసు పడిన మోకాలి మీద సన్నని నురుగు లేచింది; ఆరాక అంతమేరా నునుపు పోయి సుద్దలా తెల్లబారింది, ఆ మచ్చ నేటికీ పోలేదు. సున్నపురాయిని, పాలరాయిని పులుపు కరిగిస్తుంది కాబట్టి చింతపండు, నిమ్మరసం, వెనిగర్ వాటి దరిదాపులకు రాకూడదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, తడిపి గట్టిగా పిండిన నూలుగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. నల్లరాతికి నీళ్లు పోసినా ఇబ్బంది లేదు. ఇత్తడికి చింతపండు మెరుపునిస్తుంది గాని, తరచూ తోమితే కనురెప్పల గీతలు, వేళ్ల మధ్య సందులు అరిగిపోతాయి. ఏడాదికి రెండుసార్లకు మించవద్దు. బంగారు పూత ఉన్నదాన్ని అసలు రుద్దకూడదు. నేపాలీ, టిబెటన్ విగ్రహాల అడుగున రాగిరేకు మూత ఉంటే, లోపల మంత్రపత్రాలు ఉంచి మూసినది కావచ్చు కనుక దాన్ని తెరవకూడదు. చెక్క విగ్రహానికి నేరుగా ఎండ, నీళ్లు తగలనీయకుండా, వెనుక గోడకు చెద పట్టిందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి.

పసుపు, కుంకుమ, నూనె సున్నపురాయిలోకి ఇంకితే మళ్లీ వదలవు. పూలు, దీపం సమర్పించేవారు వాటిని విగ్రహం మీద కాక, జానెడు ఎడంగా పళ్లెంలో ఉంచాలి.