ముందు పొగ, తర్వాత మందు

డిసెంబర్ 31 పార్టీలో మందుకి పొగ వాసన పట్టించాలని స్మోకింగ్ గన్నో (గొట్టంతో చెక్క పొగ వదిలేది), గ్లాసు మీద పెట్టి చిన్న చెక్క ముక్కలు (చిప్స్) కాల్చే చెక్క మూతో, చిన్న బ్యూటేన్ టార్చో (గ్యాస్ మంట వచ్చేది) కొని పెట్టుకున్నవాళ్లు ఆ డబ్బా విప్పేముందు ఇది చదవండి.

పోయినేడు మా బావ వాళ్లింట్లో జరిగింది. టేబుల్ మీద మూత తీసిన రమ్ము సీసా, పక్కనే చెక్క మూత పెట్టిన గ్లాసు. అంతకుముందు కాస్త రమ్ము ఒలికితే ఎవరూ తుడవలేదు. బావ టార్చ్ వెలిగించి మూతలోని చిప్స్ మీదికి వంచాడు. మంట టేబుల్ మీదికి పాకింది, కానీ ట్యూబ్‌లైటు వెలుగులో మాకెవరికీ కనిపించలేదు. టేబుల్ క్లాత్ అంచు ముడుచుకుపోతుంటే చూసి అక్క కేకేసింది, తడి తువ్వాలు తెచ్చి కప్పేసింది. బావ మణికట్టు మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. అంతటితో పోయింది కాబట్టి సరిపోయింది.

ఆల్కహాల్ మంట పల్చని నీలం రంగులో ఉంటుంది, వెలుతురులో ఆనదు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న మందు 26 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన దగ్గర ఎండాకాలం ఇంట్లో వేడి అంతకంటే ఎక్కువే. చలికాలం రాత్రయినా పదిమంది చేరిన గదిలో, టార్చ్ సెగ దగ్గర ఆ మాత్రం వేడెక్కడం ఎంతసేపు? పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు, టేబుల్ మీదే పరుచుకుంటుంది.

అందుకే నేను పట్టుకున్న పద్ధతి ఒకటే: పొగ గ్లాసుకి పెట్టాలి, మందుకి కాదు. సీసా మూత బిగించి వేరే గదిలో ఉంచండి. దాల్చిన చెక్క ముక్కని స్టీలు ప్లేటు మీద పెట్టి కాల్చి, మంట ఊదేసి, పొగ వస్తుండగా ఖాళీ గ్లాసు బోర్లించండి. అర నిమిషం చాలు. టార్చ్ ఆర్పి పక్కన పెట్టాక, నిప్పు పూర్తిగా చల్లారాక, అప్పుడు సీసా తీసుకురండి. గ్లాసు గోడలకి పట్టిన వాసన మందు పోయగానే పైకి లేస్తుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన గ్లాసు మాత్రం వాడకండి, వేడి తగిలితే పగులుతుంది.

ఇలా చేస్తే రుచి తగ్గుతుందని అనుకోకండి. పొగ రుచికి పేరుపడ్డ స్కాట్లండ్ ఐలా దీవి విస్కీలో కూడా పీట్ (బురదనేలల్లో తవ్వి ఎండబెట్టే మట్టిలాంటి ఇంధనం) పొగ పెట్టేది మొలకెత్తిన బార్లీకి, ఆరబెట్టేటప్పుడు. మెక్సికోలో మెస్కాల్ అనే మందుకి ఆ వాసన వచ్చేది కలబందలా కనిపించే అగేవ్ మొక్క దుంపల్ని గోతిలో నిప్పుల మీద కాల్చడం వల్ల. ఇద్దరూ తయారైన మందుకి పొగ పెట్టరు. ఇంట్లో అలాగే బెల్లం పాకానికి పొగ పట్టించి, ఆ పాకం కలుపుకోవచ్చు. అసలు నిప్పే వద్దనుకుంటే, చైనాలో పైన్ కట్టెల పొగ మీద ఆరబెట్టే లాప్‌సాంగ్ సూచాంగ్ టీ ఆకు ఒక చెంచాడు తీసుకుని, విస్కీలో కొన్ని నిమిషాలు నానబెట్టి వడగట్టండి. నాకు ఇదే అన్నిటికంటే ఇష్టం.

బిర్యానీకి ధుంగార్ పెట్టినట్టు నిప్పు బొగ్గు మీద నెయ్యి వేసి మందు జగ్గులో పెట్టేవాళ్లున్నారు. దయచేసి వద్దు. నెయ్యి పడగానే భగ్గుమంటుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.

చెక్క విషయంలో వడ్రంగి దగ్గర దొరికే పొట్టు అసలు తేకండి. అందులో ప్లైవుడ్ జిగురు, పాలిష్ కలిసి ఉంటాయి. గన్నేరు కొమ్మ విషం, దాని పొగ కూడా ప్రమాదమే. తినే వంటకని అమ్మే ఓక్, యాపిల్ చిప్స్ గానీ, బాగా ఎండిన మామిడి, జామ గానీ వాడండి.

పొగలా కనిపించే డ్రై ఐస్ జోలికి ఇంట్లో వెళ్లొద్దు. అది మైనస్ 78 డిగ్రీల కార్బన్ డయాక్సైడ్. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక రెస్టారెంట్‌లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్నవాళ్లు రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యారు.

టార్చ్ పట్టుకునేవాళ్లు మొదటి పెగ్గు ముట్టుకోకముందే ఈ పని ముగించాలి. నైలాన్ చొక్కా, వేలాడే చున్నీ వద్దు. పిల్లల్ని, ఆస్తమా ఉన్నవాళ్లని పక్క గదిలో కూర్చోబెట్టి, కిటికీలు తీసి ఉంచండి. టార్చ్‌లో గ్యాస్ నింపడం బాల్కనీలోనే, ముందు రోజే.

గ్లాసులో మంట లేస్తే ఊదకండి, కదపకండి, స్టీలు పళ్లెం బోర్లించండి. చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. టూత్‌పేస్టు, ఇంకు, నెయ్యి రాయకండి. బొబ్బ అరచేతి అంత ఉన్నా, ముఖం మీద పడినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పార్టీ అయ్యాక చిప్స్ బూడిదని నీళ్ల గిన్నెలో ముంచి, తెల్లారాకే చెత్తబుట్టలో వేయండి. ఆరిపోయినట్టు కనిపించే చెక్క పొట్టు లోపల చాలాసేపు కణకణలాడుతూనే ఉంటుంది.