తుపానుకు ముందు కిటికీలకు బిగించి, తరువాత విప్పి దాచుకునే ప్లైవుడ్ పలకలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లకు చేరింది. ఆనాడు చాలా పక్కా ఇళ్లలో గోడలూ స్లాబులూ నిలిచాయి గాని కిటికీ అద్దాలు నిలవలేదు. 180 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 50 మీటర్లు. విశాఖలో కట్టే భవనాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే మూల గాలి వేగం కూడా అదే. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది కనుక, నాలుగడుగుల చదరపు కిటికీ మీద రెండు వందల కిలోలకు పైగా బరువు మోపినట్లే. దీనికి తోడు ఎగిరివచ్చే రేకు ముక్కలు, కొబ్బరి మట్టలు ఉండనే ఉన్నాయి.

అద్దం మీద టేపును అడ్డదిడ్డంగా అతికించడం వల్ల ప్రయోజనం లేదు. టేపు అద్దానికి బలమివ్వదు సరికదా, పగిలినప్పుడు పెద్ద ముక్కలు ఒక్కటిగా ఊడిపడేలా చేస్తుంది. అద్దానికి బయటివైపున గట్టి పలకను గోడకు బిగించడమే అసలైన రక్షణ.

పలకకు 16 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ సరిపోతుంది. అది దొరకకపోతే 18 మిల్లీమీటర్లది తీసుకోవచ్చు. వానలో తడిసేది కనుక ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌నే కొనాలి. చవకగా వస్తుందని కొందరు 6 మిల్లీమీటర్ల షీటు చాలంటారు గాని, అది గాలికి వంగి వెనకనున్న అద్దాన్నే తాకుతుంది. కిటికీ ఖాళీకి నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు గోడ మీదికి వచ్చేలా కొలత తీసుకోవాలి. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీకి 44 అంగుళాలు, 56 అంగుళాల పలక కావాలి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల షీటులో ఇది హాయిగా వస్తుంది, మిగిలిన ముక్క స్నానాలగది కిటికీకి పనికివస్తుంది. నాలుగడుగుల చదరపు కిటికీకి మాత్రం షీటు వెడల్పు చాలదు. అప్పుడు రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి, అతుకు వెంబడి పైనుంచి కిందిదాకా బయటివైపు ఒక గట్టి చెక్క బద్దను వేసి, దానికి రెండు ముక్కలనూ బోల్టులతో కలపాలి.

ఇక అసలు బలమంతా బోల్టులలోనే ఉంది. గాలి పలకను ఎప్పుడూ లోపలికే నెట్టదు. పక్క గోడల మీదా గాలికి వెనుకనున్న గోడ మీదా పలకను బయటికి పీకుతుంది. కాబట్టి మేకులతోనో చిన్న స్క్రూలతోనో బిగించిన పలక ఊడిపోయి, ఎదురింటి కిటికీని పగలగొట్టే వస్తువుగా మారుతుంది. అంచుల వెంబడి అడుగుకొకటి చొప్పున 8 లేదా 10 మిల్లీమీటర్ల మందం గల స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయాలి. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. రంధ్రాలు కిటికీ ఖాళీ అంచుకు కనీసం రెండున్నర అంగుళాల దూరంలో ఉండాలి, లేకపోతే అంచు పగులుతుంది. బోల్టును గోడలో పట్టి ఉంచే యాంకరు ఇటుకలోకి కనీసం రెండు అంగుళాలు దిగాలి. ప్లాస్టరింగ్ మందాన్ని ఈ లెక్కలో కలపకూడదు. రంధ్రాన్ని సిమెంటు అతుకులో గాక ఇటుక నడుమ వేయడం మంచిది. ఇటుక గోడలో వ్యాకోచించే యాంకరు ఇటుకనే చీల్చే ప్రమాదం ఉంది కనుక, రంధ్రంలోని దుమ్మును పూర్తిగా ఊదివేసి, రసాయన జిగురు నింపి, లోపల మర ఉన్న స్టీలు గొట్టాన్ని కూర్చోబెట్టించండి. బోలు ఇటుకల గోడయితే దానికి తగిన జాలీ తొడుగు కూడా వాడాలి. పలకను నొక్కిపట్టడానికి ప్రతి బోల్టు కింద వెడల్పాటి వాషర్ ఉండాలి. మామూలు రోజులలో గొట్టం మూతికి గ్రీజు రాసి పొట్టి స్క్రూ బిగించి ఉంచితే తుప్పూ పురుగులూ చేరవు.

కిటికీ పైన ఉన్న చజ్జా కొన్ని ఇళ్లలో పైఅంచుకు చోటు ఇవ్వదు. అక్కడ చజ్జా అడుగున ఎల్ ఆకారపు యాంగిల్‌ను బిగించి, పలక పైఅంచును దానికి పట్టించవచ్చు. గ్రిల్లు గోడకు బయటికి పొడుచుకు వచ్చి ఉంటే ఈ పద్ధతి కుదరదు. బాల్కనీ లేని పై అంతస్తు కిటికీకి బయటినుంచి నిచ్చెన వేసి ఇంత బరువును బిగించే సాహసం చేయవద్దు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీకి వేసే పలకే దాదాపు 18 కిలోలుంటుంది. అటువంటి గదులను తుపాను వేళ ఖాళీ చేసి, తలుపు మూసి, లోపలి గదిలో ఉండడమే మేలు.

బంగాళాఖాతంలో తుపాన్లు ముఖ్యంగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. రంధ్రాలు వేయించే పని దసరాకు చాలా ముందే ముగియాలి. ప్రతి పలక వెనుక ‘హాలు, తూర్పు’ అని గది, దిక్కు రాసి, పైవైపు బాణం గుర్తు వేయండి. గోడ రంధ్రాలు ఏ రెండు కిటికీలకూ అచ్చంగా కలవవు. ఎండ ఉన్న రోజునే ఇద్దరు మనుషులతో ఒకసారి అన్నింటినీ బిగించి చూస్తే, ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. వాతావరణ శాఖ 48 గంటల ముందు ఇచ్చే హెచ్చరిక వెలువడగానే పని మొదలుపెట్టాలి. గాలి పెరిగాక పలకను చేతిలో పట్టుకోవడం తెరచాపను పట్టుకోవడమే. అన్ని ద్వారాలనూ మూసేయక, లోపలినుంచి తెరుచుకునే తలుపును కనీసం ఒకటైనా ఉంచుకోవాలి. జనరేటరును మూసిన ఇంట్లో ఎన్నడూ నడపకూడదు.

సముద్రం ఉన్న వైపు కిటికీలకే పలకలు చాలుననుకోవడం పొరపాటు. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, ఊరి మీదుగా వెళితే కాసేపు గాలి పూర్తిగా ఆగి, తరువాత ఎదురు దిక్కునుంచి విరుచుకుపడుతుంది. వాయవ్యంగా కదిలే తుపానులో మొదట ఈశాన్యపు గాలి, తరువాత నైరుతి గాలి వీస్తాయి. ఆ నిశ్శబ్దంలో వదులైన బోల్టును బిగించుదామని బయటికి వెళ్లవద్దు.

తుపాను వెళ్లిన తరువాత పలకలను వెంటనే విప్పి, నీడలో ఆరబెట్టి, దెబ్బతిన్న అంచులకు ప్రైమరు రాయండి. నేలకు ఆనకుండా రెండు చెక్క బద్దల మీద పరిచి నిల్వచేయండి. బోల్టులను మంచినీటితో కడిగి, తుడిచి, గ్రీజు పూసి, ఏ కిటికీవి ఆ కిటికీవిగా వేరు వేరు డబ్బాలలో పెట్టి, వాటిని పలకల పక్కనే ఉంచండి.