పిల్లలతో, పెంపుడు కుక్కతో తోటలో తొలి రాత్రి

విజయవాడ, గుంటూరు అపార్టుమెంట్లలో పెరుగుతున్న పిల్లలకు ఆరుబయట ఒక రాత్రి గడిపే అనుభవం ఇవ్వాలనుకునే తల్లిదండ్రులు సాధారణంగా ముందు గుడారం కొని, ఆ తర్వాత చోటు వెతుకుతారు. ఇంట్లో కుక్క కూడా ఉన్నవారు ఈ వరుసను తిరగేసుకోవాలి, ఎందుకంటే కుక్కను తీసుకువెళ్లగలిగే చోటు ఏదో తేలితేనే మిగతావన్నీ తేలతాయి.

అందరికీ ముందుగా గుర్తుకొచ్చేది నల్లమల. అయితే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం కుక్కతో వెళ్లే చోటు కాదు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వంటి వ్యాధులు పులులకు కూడా సోకుతాయి. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరం అందమైనదే కానీ, మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ గుడ్లను తవ్వి తినేవి ఎక్కువగా కుక్కలే. కృష్ణలోని ఇసుక తిన్నెల మీద గుడారం అసలు వేయకూడదు. ఎగువన పులిచింతల నుంచి నీరు వదిలితే నది ఎప్పుడు పెరిగిందో నిద్రలో తెలియదు.

అందుచేత తొలిసారికి నూజివీడు, ఆగిరిపల్లి వైపు బంధువులదో స్నేహితులదో మామిడి తోట అన్నింటికన్నా మేలని నా అభిప్రాయం. బోరు నీళ్లు, ఒక పాక, పిలిస్తే పలికే తోట కాపలాదారు ఉన్న చోటును ఎంచుకోండి. తుపానుల భయం తగ్గే డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు వాతావరణం అనుకూలంగా ఉంటుంది. కానీ మామిడి పూతకు వచ్చేది కూడా అప్పుడే కనుక, తేనెమంచు పురుగుకు మందు ఎప్పుడు కొట్టారో కౌలు రైతును తప్పకుండా అడగండి. మందు పడిన గడ్డిలో తిరిగిన కుక్క తన పాదాలను తానే నాకుతుంది. పిల్లలు అవే గడ్డిపరకలను చేత్తో పీకుతారు. చుట్టుపక్కల చేలలో అడవి పందుల కోసం కరెంటు తీగలు పెట్టారేమో కూడా అప్పుడే కనుక్కోవాలి.

ప్రయాణానికి నెల ముందే కుక్కకు రేబీస్ టీకా గడువు చూసుకుని, ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు టీకా వేయించారో లేదో పశువైద్యుడిని అడగండి. తర్వాత గుడారాన్ని డాబా మీద వేసి, రెండు రాత్రులు అందరూ అందులోనే పడుకోండి. గుడ్డ గాలికి రెపరెపలాడితే కుక్క మొరుగుతుందా, చిన్నపిల్లవాడు చీకట్లో ఏడుస్తాడా అన్నది ఇంటి దగ్గరే తెలియడం మంచిది.

తోటకు సాయంత్రం నాలుగు గంటల లోపే చేరండి. ఎండుటాకుల కింద తేళ్లు, పాములు ఉండవచ్చు కనుక, పెద్దవాళ్లు కర్రతో తట్టి ఊడ్చి చదును చేసేవరకు పిల్లలు, కుక్క కారు దగ్గరే నీడలో, తలుపులు తెరిచి ఉంచి ఆగాలి. నేల పట్టా గుడారానికే కలిపి కుట్టి, జిప్పు పూర్తిగా మూసుకునే గుడారం కావాలి. ఇది సౌకర్యం కోసం చెబుతున్న మాట కాదు: కట్లపాము రాత్రివేళ నేల మీద నిద్రపోతున్నవారిని కాటేస్తుంది, ఆ కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున పిల్లలకు కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోకూడదు. కట్టు బిగించకుండా, గాటు పెట్టకుండా, బిడ్డను కదలనివ్వకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. దగ్గరలోని ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో పాము కాటు మందు ఉందో బయలుదేరే ముందే విచారించి రాసి పెట్టుకోండి.

మూడు రాళ్ల పొయ్యిని ఆకులు లేని చోట, గాలికి నిప్పురవ్వలు గుడారం వైపు రాకుండా పెట్టండి. పిల్లలకు పులిహోర, దద్దోజనం చాలు. కుక్కకు దాని తిండి విడిగా తీసుకువెళ్లాలి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషంతో సమానం, బిర్యానీలోని ఉడికిన కోడి ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి. 20 కిలోల కుక్కకు రోజుకు లీటరుకు పైగా నీళ్లు కావాలి కనుక దానికి రెట్టింపు ఉంచుకోండి.

ఎనిమిదేళ్ల లోపు పిల్లల చేతికి పెద్ద కుక్క తాడు ఇవ్వవద్దు. ఊరకుక్క ఎదురైతే ఆ తాడు పిల్లవాడిని నేల మీద ఈడ్చేస్తుంది. నీళ్ల గిన్నె నింపే పని అప్పగిస్తే వాళ్లకూ గర్వంగా ఉంటుంది. రాత్రి అన్నం వాసనకు ఊరకుక్కలు వస్తాయి కనుక మిగిలినవన్నీ కారులో పెట్టి, కుక్కను గుడారం లోపలే పడుకోబెట్టండి. ఏ కుక్క కరిచినా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించాలి.

తెల్లవారాక కుక్క చెవుల లోపల, కాలి వేళ్ల మధ్య, మెడ పట్టీ కింద పిడుదుల కోసం వెతకండి. పిల్లల చెవుల వెనుక కూడా చూడండి. కనబడితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి, కిరోసిన్ పూయకూడదు, వేళ్లతో నలపకూడదు. ఇంటికి వచ్చాక మూడు వారాల లోపు కుక్క తిండి మానేసినా, జ్వరంతో మగతగా పడుకున్నా పశువైద్యుడికి తోట సంగతి చెప్పి రక్తపరీక్ష చేయించండి.