మూత వెనక నంబరు చూసి పెట్రోలు కొట్టించండి

మా బావమరిది పన్నెండొందల సీసీ చిన్న కారు కొన్నాడు. వారం తిరక్కుండా 100 ఆక్టేన్ పెట్రోలు పోయించుకొచ్చి "బావా, బండి గాల్లో తేలుతోంది" అన్నాడు. లీటరుకు నూటయాభై పైచిలుకు పెట్టాక తేలకపోతే ఎలా మరి!

ఆక్టేన్ నంబరు చెప్పేది పెట్రోలుకున్న ఓర్పు గురించి. ప్లగ్గు నిప్పు రాజేశాక సిలిండర్లో మంట వరసగా పాకాలి. అది చేరేలోపే ఓ మూలనున్న పెట్రోలు ఒత్తిడికీ వేడికీ తనంతట తనే భగ్గుమంటే నాకింగ్. నంబరు పెద్దదైతే ఆ తొందర తగ్గుతుంది, అంతే. మైలేజీ పెంచే గుణమేమీ అందులో లేదు.

ముందు పెట్రోలు ట్యాంకు మూత తెరిచి స్టిక్కరు చూడండి. అక్కడ లేకపోతే మాన్యువల్‌లో ఉంటుంది. 'రాన్ 91' అని ఉంటే, అంటే ఆక్టేన్ నంబరు 91 అన్నమాట, మామూలు పెట్రోలు చాలు. 20 శాతం ఇథనాల్ కలిపాక మన మామూలు పెట్రోలే 95కి చేరిందని పెట్రోలియం శాఖ 2025లో చెప్పింది. కాబట్టి 95 అడిగే టర్బో బండికైనా ప్రీమియం, అంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు, కొనేముందు ఆలోచించండి. 97, 98 అడిగే ఖరీదైన బళ్ళ సంగతి వేరు. ఇంకోటి, స్టిక్కరు మీది 'ఇ20' ఆక్టేన్ కాదు, ఇథనాల్ శాతం. మా వీధిలో సగంమంది ఈ రెండూ కలిపేస్తారు.

నంబరు చూశాక చెవి పెట్టాలి. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతున్నప్పుడు, నలుగురు మనుషులు, ఏసీ ఆన్, బండి నెమ్మదించినా గేరు మార్చకుండా యాక్సిలరేటర్ తొక్కితే నా పాత కారు ఇనప డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు టిక్కుటిక్కుమనేది. గేరు తగ్గిస్తే ఆగేది. పెట్రోలుదే పాపం అనుకుని, అప్పట్లో ప్రీమియంగా అమ్మిన 95 రెండు నెలలు కొట్టించాను. శబ్దం సన్నబడింది గానీ పోలేదు. చివరికి మెకానిక్ ప్లగ్గులు విప్పి అరచేతిలో పెట్టాడు. పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మా బండికి రావాల్సిన నంబరు ప్లగ్గులు కావవి, ఏ సర్వీసులోనో ఎవరో వేరేవి బిగించేశారు. సరైనవి వేశాక మామూలు పెట్రోలుతోనే ఘాట్ ఎక్కింది. మీకూ ఆ చప్పుడు వస్తే ప్లగ్గులు, రేడియేటర్ ఫ్యాను, కూలెంట్ చూపించాకే ఖరీదైన పెట్రోలు జోలికి వెళ్ళండి.

బంకులో "నార్మల్ కొట్టు" అని నోరు తెరిచి చెప్పండి. సున్నా ఒక్కటే చూడకండి, పక్కన లీటరు ధర కూడా చూడండి. నేనొకసారి ఫోన్లో ఉండి తలూపినందుకు ట్యాంకు నిండా ప్రీమియం పడింది.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు "ఇక్కడ 87 చాలు మావయ్యా, మీకు 91 ఎందుకు?" అంటాడు. వాళ్ళది రెండు రకాల పరీక్షల సగటు, మనది ఒక్క రాన్ లెక్కే. వాళ్ళ 87 మన 91కి దగ్గర్లోనే ఉంటుంది.